పలుపు లేని చుక్క

ఆ ఏడు మా ఊళ్ళో కోడి కూయలేదు. పుష్యం మొదట్లోనే తెగులు వచ్చి, నానక్‌రామ్‌గూడలో ఉన్న పుంజులూ పెట్టలూ అన్నీ పది రోజుల్లో మెడలు వాల్చేశాయి. చచ్చినవాటిని గంపల్లో మోసి బండల వెనక పారేశారు. ఊరి మొత్తానికి గడియారం పటేలు ఇంట్లో ఒక్కటే ఉండేది, దాని ముఖం మాలాంటివాళ్ళం ఎప్పుడూ చూడలేదు. ఇక తెల్లవారబోతోందని చెప్పడానికి మిగిలింది వేగుచుక్క. ఆ చుక్కే మా కొంప ముంచిందని ఊళ్ళో అనుకున్నారు. నిజానికి ముంచింది నేను. అది చెప్పడానికే మొదలుపెట్టాను కాబట్టి, మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తే నమ్మకండి.

నా పేరు నీలమ్మ. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. కొండాపూర్ గొర్రెల కాపరి ఎల్లేశం కూతుర్ని, ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాదిన్నర. ఇంట్లో అత్త బుచ్చమ్మ, నా మొగుడు నర్సింహ, అతని చెల్లెలు రుక్కమ్మ. ఆరు బర్రెలు ఉండేవి. నర్సింహ రాత్రిళ్ళు వాటికి కాపలాగా చేను దగ్గరి దొడ్డిలో పడుకునేవాడు. అత్తా రుక్కమ్మా రాత్రి తోడుపెట్టిన పెరుగు కుండలను నెత్తిన పెట్టుకుని, గచ్చిబౌలి మీదుగా పట్నానికి నడిచిపోయి అమ్ముకొచ్చేవాళ్ళు.

అత్త నోరు మహా గట్టిది. పొయ్యిలో పుల్ల అడ్డంగా పెట్టినా, నిలువుగా పెట్టినా నాకు అక్షింతలు పడేవి. నా నోరూ తక్కువది కాదు, కాకపోతే కొత్త కోడలి నోటికి ఏడాది పాటు తాళం వేసుకోవాలని అమ్మ చెప్పి పంపింది. ఆ ఇంట్లో నాకు ఊపిరాడిందంటే రుక్కమ్మ వల్లే. పదిహేనేళ్ళ పిల్ల, సన్నగా, గాలిలా నడిచేది. అత్త చూడకుండా పెరుగు మీద మీగడ తీసి నా నోట్లో పెట్టి, మూతి తుడిచి మరీ పోయేది. నా మొగుడి కంటే నాకు ఆమె అంటేనే ఎక్కువ ప్రేమ.

అత్తకు ఆ ఏడు కళ్ళకు మసక కమ్మింది. మనుషులను అలికిడితో పోల్చుకునేది. దారి ఇరవై ఏళ్ళ అలవాటు కనుక కాళ్ళే వెతుక్కునేవి. చుక్కలు మాత్రం కనిపించేవి కావు. ఈ సంగతి నాకూ రుక్కమ్మకూ తప్ప కన్నకొడుక్కి కూడా తెలియనిచ్చేది కాదు. చూపు పోయిందంటే ఇంటి పెత్తనం పోయినట్టేనని ఆమె భయం. అందుకని పొద్దున లేవగానే నన్ను తట్టేది.

“పిల్లా, సుక్క పొడిసిందా?”

నేను వాకిట్లోకి పోయి తూర్పున జంట బండ వైపు చూసేదాన్ని. చుక్క బండకు బారెడు పైకి వచ్చి ఉంటే వాళ్ళు గంపలు ఎత్తుకునేవాళ్ళు. పట్నం పొలిమేర చేరేసరికి తెల్లారేది. పుష్యమంతా అలాగే సాగింది. తెల్లగా, నిలకడగా వెలిగే చుక్క, ఇంకోటని అనుమానించడానికి ఏమీ లేదు.

పుష్యం చివర మా నాన్న మందను తోలుకొచ్చి మా ఊరి బండల మీద దిగాడు. తెల్లవారుజామున నేను వాకిట్లో నిలబడి ఉండగా కంబళి కప్పుకుని వచ్చాడు.

“ఏం జూస్తున్నవ్ బిడ్డా?”

“వేగుసుక్క నాయినా.”

“గది వేగుసుక్క ఎట్లయితది?” అన్నాడు. “నిన్న దీపాలు వెట్టే యాళ్ళకు పడమట తెల్లగ మండుకుంట ఒకటి కనవడె గద?”

కనబడింది. దాన్ని మేము పొద్దుగూకే చుక్క అంటాం.

“గదే వేగుసుక్క. మాపటికి కనవడితే ఒక పేరు, పొద్దుగాల కనవడితే ఇంకో పేరు వెట్టుకున్నం. మనిషి ఒక్కడే. ఒక్క మనిషి ఒక్కనాడే రెండు వాకిండ్ల ఎట్ల నిలవడతడు?”

అవి రెండు చుక్కలని, అక్కాచెల్లెళ్ళని నేను పుట్టినప్పటి నుంచి విన్నాను. నాన్న నవ్వి, మందలో పలుపుతాడుతో గుంజకు కట్టి ఉన్న మేకపిల్లను చూపించాడు.

“వేగుసుక్క పొద్దుకు కట్టేసినట్టు. పలుపు ఎంతుంటే అంత దూరమే పోతది. కొన్ని నెలలు గీ పక్క మేస్తది, కొన్ని నెలలు ఆ పక్క మేస్తది. నడిరాత్రి నడినెత్తిన దాన్ని జూసినోడు లేడు. నువ్వు జూసే గీయన గురుడు. గీయనకు పలుపు లేదు. తేలు సుక్కల తోక కాడ ఉన్నడు సూడు. పన్నెండేండ్ల కింద, నువ్వు ఆరేండ్ల పిల్లవు, గప్పుడు గూడ గీడనే ఉండె. ఒక్కో ఏడు ఒక్కో ఇల్లు తిరుగుకుంట, నదులకు పుష్కరాలు తెచ్చేది గీయనే.”

“అయితే మాకు రోజూ సరిపోతనే ఉన్నది గద.”

“ఇయ్యాల్ల కోడి కూసే యాళ్ళకు లేస్తున్నడు, సరిపోతున్నది. రోజూ జరంత ముందుగాల్నే లేస్తడు. శివరాత్రికి నడిరాత్రి లేస్తడు. వానలు పడేటాళ్ళకు దీపాల యాళ్ళకే లేస్తడు. గప్పుడు గూడ పెరుగు గంప ఎత్తుకుంటరా?”

ఈ మాట నేను అత్తకు చెప్పాను. ఆమె పక్కింటి పోచమ్మను పిలిచి మరీ నవ్వింది. “ఇన్నవా పోచమ్మా, కొండాపూర్ల గొర్లు గాసేటోళ్ళు మనకు పొద్దు నేర్పుతరట. నెల సంది గీ సుక్కనే నమ్ముకొని పోతున్న. ఒక్కనాడన్న తప్పిందా?” తప్పలేదు మరి.

తర్వాత నాలుగు రోజులకు పట్నం దారి మూసేశారు. ఆ కాలం చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ళకు ఇంత చాలు: దేశానికి స్వరాజ్యం వచ్చిందని చెప్పుకుంటున్నారు, మా నిజాం రాజ్యంలో మాత్రం దీపాలు పెట్టాక గడప దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సి వచ్చేది. దారి మీద నాకా అనే తనిఖీ అడ్డు వేసి తుపాకులు పట్టుకున్నవాళ్ళను నిలబెట్టారు. నెల పైన మా పెరుగు బయటికి పోలేదు. చిలికి నెయ్యి చేశాం, చల్లను ఊరందరికీ పోశాం.

ఆ నెలంతా చుక్కను చూడమని నన్ను ఎవరూ అడగలేదు. నేనే చూశాను. నాన్న మాట ముల్లులా గుచ్చుకుంది కాబట్టి చూశాను. శివరాత్రి జాగారం నాడు ఊరంతా భజనలో ఉంటే, నేను వాకిట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. రెండో ఝాము గడిచిందో లేదో, జంట బండ మీద అది పొడిచింది. అదే తెలుపు, అదే నిలకడ. భజనలో ఇంకా సగం పాటలు కూడా కాలేదు. అది పొరపాటున రాలేదు. చెప్పిన రోజుకు, చెప్పిన వేళకు వచ్చింది. తనను నమ్ముకుని కింద ఎవరు నడుస్తున్నారో దానికి పట్టదు.

తెల్లారాక అత్తకు చెప్పాను. “ఉపాసంతోని కండ్లు తిరిగినయ్ నీకు” అంది.

శివరాత్రి పోయిన రెండో నాడు దండోరా వేశారు. రేపటి నుంచి పెరుగు, పాలు, కట్టెలు పట్నానికి పోవచ్చు. కానీ తెల్లారాకనే నాకా తెరుస్తారు. చీకట్లో నాకా దగ్గర మనిషి కనబడితే పేరు కూడా అడగరు, కాల్చేస్తారు. దండోరా వేసినవాడు ఆ మాటను మూడుసార్లు చెప్పాడు.

ఆ సంగతి కొండాపూర్‌కూ చేరింది. సాయంత్రం చల్లబడేసరికి నాన్న నడుచుకుంటూ వచ్చాడు. అత్త మర్యాద తప్పలేదు, అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పెరుగు పెట్టించింది. నాన్న రొట్టె తుంచుతూ చెప్పాడు.

“అక్కా, రేపు సుక్కను జూసి పోకున్రి. గది నడిరాత్రే లేస్తున్నది. తూర్పు తెల్లవడ్డంక ఇల్లు కదులున్రి. జర ఆలస్యమైతే అయితది.”

“ఆలస్యమైతే ఎండకు పెరుగు పులుస్తది తమ్మీ. నీ గొర్లకు ఏం ఫికర్, ఎప్పుడు లేసినా గడ్డే తింటయి” అంది అత్త. అంతటితో ఆగితే బాగుండేది. “నీ బిడ్డకు పొద్దుగాల లేవ చేతగాదు. దానికి నువ్వు సాకులు నేర్పుతున్నవ్. వచ్చినవ్, తిను. మా ఇంట్ల కూసొని మాకు బుద్ధులు చెప్పకు.”

నాన్న తుంచిన ముక్కను పళ్ళెంలోనే పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు. “పోయొస్త బిడ్డా” అని నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. నోటి దగ్గరి ముద్ద వదిలి ఆయన లేవడం నేను చూడడం అదే మొదటిసారి. రుక్కమ్మ వెనకాల పరుగెత్తి రొట్టెలు మూటగట్టి ఇచ్చి వచ్చింది. నేను గడప పట్టుకుని నిలబడ్డాను.

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారు. ఆ సాయంత్రం నేను ఒక దుత్త పగలగొట్టి ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది. పగలగొట్టలేదు. కోపాన్ని లోపల పెట్టుకుని పడుకున్నాను.

నెల తర్వాత పట్నం పోతున్న ఆత్రానికి తొందరగా మెలకువ వచ్చి, నేను నిద్రలో ఉండగా అత్త తట్టింది.

“పిల్లా, సుక్క పొడిసిందా?”

వాకిట్లోకి పోయాను. అమావాస్య పోయి రెండు రోజులే అయింది, చంద్రుడు ఎప్పుడో కుంకాడు. జంట బండ మీద అది ఉంది. బారెడు పైకి వచ్చి తెల్లగా చూస్తోంది. ఒళ్ళు చెబుతోంది, ఇది నడిరాత్రి అని. కుక్కలు కూడా ఇంకా మొదటి నిద్రలో ఉన్నాయి. నాకు అంతా తెలుసు.

“పొడిసింది” అన్నాను.

“బారెడొచ్చిందా?”

“ఒచ్చింది.”

నేను చెప్పిన రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. అందుకే అవి అంత తేలిగ్గా వచ్చాయి. చీకట్లో నడిచి నడిచి, ఎంతకీ తెల్లారక, ఏ చెట్టు కిందో చలిలో కూర్చుని, మా నాన్న చెప్పిందే నిజమని ఆమె నోటితో ఆమె ఒప్పుకోవాలి. నేను కోరుకున్నది అంతే. మరి చీకట్లో నాకా దగ్గర కాల్చేస్తారన్న సంగతి గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. రాలేదని ఇన్నేళ్ళు నాకు నేనే చెప్పుకుని చూశాను, అతకలేదు. గచ్చిబౌలి దాటేసరికి వాళ్ళకే అనుమానం వస్తుందిలే, ఆగిపోతారులే అని సర్దిచెప్పుకున్నాను.

రుక్కమ్మ కళ్ళు నులుముకుంటూ లేచింది. “నిద్రనే తీరలే వదినె, గింత జల్ది తెల్లారుతదా?” అంది. ఆమె ముఖం చూడలేదు. గంప ఆమె నెత్తికి ఎత్తడానికి నేనే చెయ్యి వేశాను.

వాళ్ళ అడుగుల చప్పుడు వినబడకుండా పోయాక చాప మీద పడుకున్నాను. కాసేపు బాగానే ఉంది. తర్వాత రుక్కమ్మ నడక గుర్తొచ్చింది. అత్త నెమ్మదిగా నడుస్తుంది, ఆమెకు అనుమానం వచ్చి ఆగుతుంది. రుక్కమ్మ ఆగే మనిషి కాదు. లేచి కొంగు బిగించి పరుగెత్తాను.

దారి తూర్పుకే. ఆ చుక్క నా ముందరే, నేను ఎంత ఉరికినా అంతే దూరంలో ఉంది. గొంతెత్తి పిలవడానికి లేదు, పిలిస్తే గస్తీ వాళ్ళకు వినబడుతుంది. గచ్చిబౌలి దగ్గర కుక్కలు వెంటపడ్డాయి. ఊరు దాటాక బండల మధ్య దారి సన్నబడుతుంది. రాళ్ళు తగిలి రెండుసార్లు పడ్డాను. పరుగెత్తినంతసేపూ దేవుళ్ళకు మొక్కుతూనే ఉన్నాను, ఏ దేవుడికి ఏం మొక్కానో గుర్తులేదు.

చాలా దూరం పోయాక దారి పక్కన బండకు ఆనుకుని అత్త కనిపించింది. కాలి వేలికి రాయి తగిలి నెత్తురు కారుతుంటే గుడ్డ చుట్టుకుంటోంది. గంప పక్కన ఉంది. రుక్కమ్మ లేదు.

“ఎవరది?” అంది.

“నేనే అత్తా. రుక్కమ్మ ఏది?”

“నా కాలు గిట్లాయె. దాన్ని ముందుగాల పోయి నాకా కాడ వరుసల నిలవడుమని, నేను మెల్లగ వస్తనని తోలిన. శానసేపాయె. నువ్వెందుకొచ్చినవ్?”

“అత్తా, తెల్లారలే. ఇంక ఝాముకు పైనే రాత్రున్నది.”

“నువ్వే గద పొడిసిందంటివి.”

“పొడిసింది. గాని తెల్లారదని నాకెరుక. ఎరికుండే చెప్పిన. మా నాయినను గట్లన్నవని చెప్పిన.”

ఆమె ఏమీ అనకముందే దూరంగా ఒక్క చప్పుడైంది. బండల్లో ఒకసారి తిరిగి ఆగిపోయింది. ఇంకో చప్పుడు వస్తుందేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టాం. రాలేదు.

నేను లేచాను. అత్త చెయ్యి చాచి నా కొంగు అందుకుంది.

“గది బండ సప్పుడు” అంది. “వడ్డెరోళ్ళు రాళ్ళు పేలుస్తున్నరు. వాళ్ళు తెల్లారంగనే పేలుస్తరు. తెల్లారింది పిల్లా. నువ్వే తప్పు జూసినవ్.”

“అత్తా, చీకటున్నది.”

“నీకు కండ్లు తిరిగినయ్. తెల్లారింది. ఇంకొంచెం సేపట్ల వెలుగొస్తది, గప్పుడు పోదం. నువ్వు గూడ పోకు. పోకు నీలమ్మా.”

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. కొంగు వదలలేదు. విడిపించుకుని పోగలిగి ఉండేదాన్ని, పోలేదు. భయపడ్డాను. ఇది కూడా చెప్పాలి కదా.

మసక కళ్ళకు చుక్కలు తెలియకపోయినా వెలుగు తెలుస్తుంది. ఆమె ముఖం తూర్పుకు తిప్పి కూర్చుంది. “వస్తున్నదా?” అని అడుగుతుంది. “లేదత్తా” అంటాను. మళ్ళీ చాలాసేపటికి “వస్తున్నదా?” అంటుంది. చుక్క బండలు దాటి, తేలును వెంటేసుకుని, పైపైకి పోయింది. ఎంతకీ తెల్లారలేదు. ఆ చీకటి ఎంత పొడుగుంటే అంత గట్టిగా ఆమెకు నిజం తెలిసిపోతోంది. కొంత సేపయ్యాక అడగడం మానేసింది. చెయ్యి మాత్రం నా కొంగు మీదే ఉంది.

తూర్పు నిజంగా తెల్లబడ్డాక లేచి, “నడువు, పిల్లను తెచ్చుకుందం” అంది.

రుక్కమ్మ నాకాకు నలభై అడుగుల ఇవతల, దారి పక్కన పడి ఉంది. కుండ పగిలి పెరుగు దుమ్ములో గడ్డకట్టింది, అప్పటికే చీమలు పట్టాయి. కాపలావాళ్ళలో ఒకడు బీడీ పారేసి, చీకట్లో వచ్చింది, ఆగమన్నా ఆగలేదు అన్నాడు. ఆగమన్నారో లేదో దేవుడికి తెలియాలి. రాళ్ళు కొట్టేవాళ్ళ బండి దొరికితే అందులో పడుకోబెట్టి ఊరికి తెచ్చాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్ళోనే ఉంది. జుట్టులో దుమ్ము దులుపుతూనే ఉన్నాను.

నర్సింహ చేను నుంచి పరుగెత్తుకొచ్చాడు. చెల్లెల్ని చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, “ఆ యాళ్ళకు ఎట్ల ఎల్లిన్రు? సుక్కను ఎవరు జూసిన్రు?” అని అడిగాడు. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. నేను నోరు తెరిచాను.

“నేనే జూసిన” అంది అత్త. “నా కండ్లతోని నేనే జూసిన. సుక్క నన్ను మోసం జేసింది. నీ పెండ్లాం పండుకొని ఉండె, దాన్ని ఏమనకు.”

ఆమెకు చుక్కలు కనిపించవని తెలిసిన మూడో మనిషి బండిలో పడుకుని ఉంది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. పదో రోజున నాన్న వచ్చి, నువ్వు చెప్పలేదా బిడ్డా అని అడిగాడు. చెప్పిన, వినలే అన్నాను.

ఆ ఎండాకాలం ఆకాశం నాన్న చెప్పినట్టే నడిచింది. జ్యేష్ఠంలో గురుడు దీపాల వేళకు లేచాడు. అదే నెలలో పడమటి చుక్క పొద్దులో మునిగిపోయి, ఆషాఢం వచ్చేసరికి అసలైన వేగుచుక్కగా తూర్పున తేలింది. ఒక్క రోజు తప్పలేదు. వాటికి తప్పడం తెలియదని నాకు అప్పటికే అర్థమైంది, వాటిని చూస్తే భయం వేసేది.

అత్త ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. ఆ పదకొండేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, బర్రె తాడు తెంపుకుని పోయినా, తర్వాత పుట్టిన నా పిల్లవాడు మంచం మీద నుంచి పడ్డా ఏమీ అనలేదు. కూతురు పోయాక బుచ్చమ్మ ఎంత మెత్తబడిందో, కోడల్ని కూతురిలా చూసుకుంటోందని ఊళ్ళో మెచ్చుకున్నారు. ఒకసారి నేను కావాలనే పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చి, పక్కనే నిలబడి తిట్టు కోసం ఎదురుచూశాను. మాడు వాసనకు ఆమె లేచి వచ్చింది. గోడ తడుముకుంటూ వచ్చి, కుండ దించి, పొయ్యి తుడిచి, ఏమీ అనకుండా వెళ్ళి తన చాప మీద కూర్చుంది. నేను అక్కడే పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను.